నేను తీసేసిన ఆట

పోయిన శుక్రవారం ఇక్కడే, కువైట్‌లోని ఫహాహీల్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది నేను మొదట పనిచేసిన ఇంటి డ్రైవరు, కేరళ మనిషి. ఆ ఇంటి యజమానురాలు, మేమంతా మామా అని పిలిచే ఆమె, చనిపోయి నలభై రోజులైందట. పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తున్నారట. గోడలకున్నవన్నీ దించి గేటు బయట పెట్టారు, సాయంత్రం చెత్తబండి వస్తుంది అని హిందీలో చెప్పాడు. ఆ ఫుట్‌బాల్ వాళ్ళ ఫోటో నీకు కావాలా, లేకపోతే పోనీయనా అని అడిగాడు. ఏం చెప్పానో గుర్తులేదు. చెప్పులేసుకుని బస్సెక్కాను. సముద్రం పక్కన దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను గానీ ఏమీ చూడలేదు. మామా పోయిందంటే ఏడుపు రావాలి కదా అనుకున్నాను. రాలేదు. నాకు ఏడుపు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. మొదట్లో అదొక జబ్బేమో అనుకునేదాన్ని. ఇప్పుడు అలవాటైంది.

ఫర్వానియాలో మా గదిలో ముగ్గురం ఉంటాం. నేను, మా రాయచోటి వైపు పద్మ, జగిత్యాల రాజవ్వ. నేను చెప్తుంటే ఇది రాస్తున్నది పద్మ. నాకు నా పేరు రాయడం వరకే వచ్చు. ఫోటో చీర కొంగుతో తుడిచి మంచం మీద నిలబెడితే ఇద్దరూ చుట్టూ చేరారు. పదకొండు మంది చారల చొక్కాల వాళ్ళు, చేతులు కట్టుకుని, రెండు వరసల్లో. మధ్యలో స్టూలు మీద వెండి గిన్నె. వెనక కోట్లు వేసుకున్న వాళ్ళు ఇద్దరు ముగ్గురు, చివరన ఒకాయన కర్ర ఆనుకుని.

"గీళ్ళెవ్వరే రమణమ్మా? మీసాలు జూడు, ఎడ్లకొమ్ముల లెక్కనే ఉన్నయి. గిండ్ల మీ ఆయినెవడు?" అంది రాజవ్వ.

"అక్కా, అందరూ బావలే అయితే ఎట్ల? ఒకాయప్పను జూపియ్యి, మిగిలినోళ్ళను మేం పంచుకుంటాం" అంది పద్మ.

నవ్వారు. నేనూ నవ్వాను. తరువాత కర్ర ఆనుకున్న మనిషిని వేలితో చూపించి, "ఈయప్పకు నేనొక అన్యాయం జేసినా" అన్నాను. నవ్వు ఆపి నా మొహం చూశారు. అందుకే ఇదంతా చెప్తున్నాను.

ఆ ఇంటికి నేను వచ్చినప్పుడు నాకు ఇరవై నాలుగో ఇరవై ఐదో. మా ఆయన ముగ్గురాళ్ళ గనిలో పనికిపోయి పోయి, ఆ దుమ్ముకు రొమ్ము జబ్బు తెచ్చుకుని మంచాన పడ్డాడు. అందుకే నేను కువైట్ వచ్చాను. ఆ ఇల్లు పెద్దది. పొద్దున లేస్తూనే వాకిట్లో పడిన ఇసుకదుమ్ము పైపుతో కడగాలి. ఎంత కడిగినా మధ్యాహ్నానికి మళ్ళీ పడేది. సముద్రం గాలి వీస్తే ఉప్పు వాసన, అటు నుంచి వీస్తే నూనె కంపెనీల వాసన. వంటింట్లో ఎండబెట్టిన నల్ల నిమ్మకాయల వాసన, హాల్లో సాంబ్రాణి లాంటి బుఖూర్ పొగ. మామా బయటికి పోయే ముందు ఆ పొగ మీద పైన వేసుకునే నల్ల అబాయా పట్టి ఉంచేది. ఆమె పోయిన గంట దాకా ఆమె ఇంట్లోనే ఉన్నట్టు ఉండేది. నా ఒంటికీ ఆ వాసన పట్టింది. మా ఊరి వాసన ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు.

మామా వాళ్ళ నాన్నను బాబా అనేవాళ్ళం. పొడుగు మనిషి. నేను చేరిన ఏడాదిన్నరకు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా అయింది. కంపెనీలో నేర్చుకున్న ఇంగ్లీషు మొత్తం పోయింది. అరబీ మాత్రం కొంచెం మిగిలింది. రోజూ మాట్లాడించాలి, లేకపోతే అదీ పోతుంది అన్నాడు డాక్టరు. కొడుకులు వచ్చి నాన్నా నాన్నా అని గట్టిగా అరిచేవాళ్ళు, ఆయన గోడవైపు తిరిగేవాడు. ఒకరోజు నేను ఖర్జూరాలు తీసుకుపోతే, తిని, గింజలు పళ్ళెంలో వరసగా పెట్టి, ఒక్కొక్క గింజకూ గోడ మీది ఫోటోలో ఉన్న ఆటగాడి పేరు ఒకటి చెప్పాడు. అలా ఆ పని నాకు పడింది. సాయంత్రం అసర్ నమాజు తరువాత గంటసేపు ఆయన దగ్గర కూర్చుని ఆ ఫోటోలో వాళ్ళ కథ చెప్పించాలి.

కథ ఆయనది కాదు. బాబా నూనె కంపెనీలో పంపుల దగ్గర పనిచేసే కాలంలో ఆయన పై ఇంజనీరు ఒక ఇంగ్లీషు మనిషి. ఆ ఇంజనీరు వాళ్ళ నాన్న వారమంతా బొగ్గు గనిలో పనిచేసి శనివారం ఫుట్‌బాల్ ఆడేవాడట. వాళ్ళ ఊరు చిన్నది, పొగ గొట్టాల ఊరు. పేరు బాబా చెప్పేవాడు గానీ నాకు నోరు తిరగలేదు. ఒక ఏడాది ఆ చిన్న ఊరి జట్టు పెద్ద పెద్ద ఊళ్ళ వాళ్ళను ఒక్కొక్కరినీ ఓడించి కప్పు గెలిచింది. నూరేళ్ళ కిందటి మాట. ఆ ఇంజనీరు పంపుల వేడిలో చెమట తుడుచుకుంటూ ఆ కథ మళ్ళీ మళ్ళీ చెప్పేవాడట. దేశం వదిలి పోయేటప్పుడు ఈ ఫోటో బాబా చేతిలో పెట్టి, నా కూతురు నా దగ్గర పెరగలేదు, ఎప్పుడైనా వచ్చి అడిగితే వాళ్ళ తాత సంగతి చెప్పు అన్నాడట. ఆ ఇంజనీరు చనిపోయాక ఆ కూతురు బాబాకు ఉత్తరం రాసింది, వస్తానని.

ఇటు పదకొండు గింజలు, అటు పదకొండు. మొదటి ఆట మంచులో జరిగింది. మంచంటే నేను ఫ్రిజ్ లోపల గోడలకు పట్టేదే అనుకున్నాను. రెండో ఆట వానలో. తోలు బంతి నీళ్ళు తాగి బండలా అయ్యేది, తలతో కొట్టినవాడి నుదుటి మీద బంతి కుట్ల అచ్చు పడేది. ఎర్రజుట్టు కెప్టెన్ ఉండేవాడు, గోల్ కాసేవాడు పొట్టివాడు. బాబా ఎడమచేత్తో గింజలు జరుపుతూ చెప్తుంటే నేను తప్పిపోయిన మాట అందించేదాన్ని. రెండు నెలలకు కథ మొత్తం నాకు వచ్చేసింది. దెబ్బ తగిలితే బదులు ఇంకొకరిని దించే పద్ధతి అప్పట్లో లేదు. కాలు విరిగినా మైదానంలో ఉండాల్సిందే, ఒక అంచున నిలబెట్టేవాళ్ళు. సమానంగా ముగిస్తే సగం సగం పంచుకోవడమూ లేదు. ఇంకో రోజు, ఇంకో ఊళ్ళో, ఆ ఆట మళ్ళీ ఆడాలి.

ఆ మళ్ళీ ఆడడమే నా మెడకు చుట్టుకుంది. ఇంట్లో మా ఆయనకు ఎక్కువైందని కబురు వచ్చింది. వెళ్ళి మామాను సెలవు అడిగాను. ఆమె చెడ్డ మనిషి కాదు, నా పేరు నోరు తిరగక రమానా అనేది. నా పాస్‌పోర్టు ఆమె బీరువాలో ఉంది. "రమానా, నువ్వు పోతే బాబా నోరు మళ్ళీ మూసుకుపోతుంది. ఆయన కథ మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి ఆగకుండా చెప్పగలిగితే చాలు, ఆ ఇంగ్లీషు ఆమెకు ఫోన్ చేస్తాను. ఆమె వచ్చి విని వెళ్ళిన మర్నాడే నిన్ను నేనే ఎయిర్‌పోర్టులో దించుతాను. మాట" అంది. ఆమె మాట ఇస్తే తప్పదని నాకూ తెలుసు.

కానీ బాబా సెమీఫైనల్ దగ్గర ఆగిపోయాడు. సెమీఫైనల్ మొదటిసారి ఎవరికీ గోలు రాక సమానమైంది. నాలుగు రోజుల తరువాత బుధవారం మళ్ళీ ఆడారు. ఇంజనీరు వాళ్ళ నాన్న గని పని ఎగ్గొట్టి ఆ ఆటకు పోయాడు. ఆట మొదలైన కాసేపటికే ఆయన మోకాలు తిరిగిపోయింది. పక్కన అంచున నిలబెట్టారు. కుంటుతూ ఊరికే నిలబడి ఉంటే, చివరిలో బంతి ఎవరికో తగిలి ఆయన ముందుకు వచ్చింది. ఒక్క కాలి మీద ఆనుకుని తన్నాడు. అదే గోలు. ఆయన జన్మలో అదొక్కటే గోలు. ఆ మోకాలితో ఫైనల్ ఆడలేదు. కప్పు గెలిచిన రోజు కోటేసుకుని, కర్ర పట్టుకుని ఫోటోలో నిలబడ్డాడు. నేను ఎంత అందించినా బాబా ప్రతిసారీ ఈ రెండు ఆటలనూ కలిపేసేవాడు. మొదటి ఆటలోనే కుంటి గింజను పళ్ళెం అంచుకు జరిపేసి, జరిపాక తప్పని తెలిసి, గింజలన్నీ చేత్తో కలిపేసి "మిన్ అవ్వల్" అనేవాడు. అంటే మొదటి నుంచి. మళ్ళీ మంచులో ఆట, మళ్ళీ వానలో ఆట. అలా నలభై రోజులు.

శుక్రవారం ఫహాహీల్ బజారులో కార్డు గీకి ఫోన్ చేసేదాన్ని. మా మరిది ఓబులేసు పక్కింటివాళ్ళ ఫోన్ దగ్గర కాచుకుని ఉండేవాడు.

"వదినా, అన్నం మానేసి నాలుగు దినాలాయ. చెంచాతో నీళ్ళు తాపుతాండాం. నిన్నే అడగతాండాడు. ఎప్పుడొస్తాండావు?"

"సెమీఫైనల్ అయిపోతే వస్తా."

"ఏంది?"

"ముసిలాయన కత చెప్తాండాడు. అది కడా దాకా జరగల్ల. ఇంగ్లీషామె వచ్చి ఇనిపోవల్ల. అప్పుడు పంపిస్తారు."

"కత కోసరం ఆపినారా నిన్ను? తిక్కనా వాళ్ళకు? మనోళ్ళే గెల్చినారని చెప్పి, లేసి రా."

"అట్ల కుదర్దు ఓబులేసూ."

"ఎందుకు కుదర్దు? మీ సెమీఫైనల్ కోసరం మాయన్న ఆగుతాడా వదినా?"

కార్డు అయిపోయి ఫోన్ కట్టయింది. ఇంటికి పోయి మామాను ఇంకోసారి అడిగాను. తల అడ్డంగా ఊపింది, పాపం కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. నాకు రాలేదు. అప్పుడే మొదలైందేమో ఇది. గిన్నెలు తోముతూ ఆలోచించాను. ఒక ఆట ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. అది లేకపోతే ఎవరికి నష్టం? రెండో ఆటలో గెలిచింది మొదటి ఆటలోనే గెలిచారంటే సరిపోతుంది. గోలు ఎవరు కొడితేనేం, గెలుపు అదే కదా. గోలు పోతే ఆ మనిషికి ఇంకేమీ మిగలదని నాకు తోచలేదు. తోచలేదని ఇప్పుడు చెప్తున్నాను. తోచిందేమో కూడా.

మర్నాడు అసర్ తరువాత బాబా గింజలు పెట్టాడు. సెమీఫైనల్ మొదలుపెట్టి చెయ్యి ఆపి నా మొహం చూశాడు. కథ దారి మరిచిపోతే ఆయన చూసేది నా మొహమే. "ఒకటే ఆట బాబా. ఒకటి సున్నా. కెప్టెన్ గోలు కొట్టాడు" అన్నాను.

ఆయన పళ్ళెం చూశాడు. "రెండుసార్లు ఆడలేదా?"

"లేదు బాబా. ఒకటేసారి. మీరే చెప్పారు కదా నాకు."

"మరి అతను?" కుంటి గింజ మీద వేలు పెట్టాడు.

"ఆడాడు. అన్ని ఆటలూ ఆడాడు. ఫైనల్లో మటుకు కాలు నొప్పి."

"నువ్వు చెప్తే సరే" అని అరబీలో అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నోరు వంకర లేకుండా తిన్నగా పలికింది. తరువాత ఫైనల్ దాకా ఎక్కడా ఆగలేదు. మూడోరోజుకు మామా ముందు కథ మొత్తం చెప్పేశాడు. ఆమె నన్ను కావలించుకుంది. బుఖూర్ వాసన. ఆ వారమే ఇంగ్లీషు ఆమె వచ్చింది.

యాభై దాటిన మనిషి, సన్నగా, ఎండకు ముక్కు కందిపోయి ఉంది. సోఫా అంచున కూర్చుని ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుంది. బాబా తెల్ల దిష్‌దాషా వేసుకుని, గింజలు సర్దుకుని చెప్పాడు. మామా ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. నేను టీ పళ్ళెంతో తలుపు దగ్గర నిలబడ్డాను. బాగా చెప్పాడు. నలభై రోజుల్లో ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు. ఫైనల్ అయిపోయాక ఆమె ఏదో అడిగింది. మామా దాన్ని బాబాకు చెప్పింది: "మా తాత ఇందులో ఎక్కడున్నాడు? మా నాన్న ఒకసారి ఫోన్లో, తాత గురించి ఒక మంచి సంగతి ఉంది, బాబానే చెప్పాలి అన్నాడు. అదేంటి?"

బాబా గింజల వైపు చూశాడు. చెయ్యి పళ్ళెం అంచు దాకా పోయి ఆగింది. తరువాత తల ఎత్తి నా వైపు చూశాడు. నేను చెప్పొచ్చు. అరబీలో నాలుగు ముక్కలు, బుధవారం, మోకాలు, గోలు. చెప్తే ఆయన గింజలు కలిపేసి మళ్ళీ మొదటి నుంచి అంటాడు. ఆమె మళ్ళీ ఇంకోసారి రావాలి. నేను టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి పోయాను. కుళాయి తిప్పాను. నీళ్ళ చప్పుడులో బాబా గొంతు వినిపించింది, "మంచివాడు. అన్ని ఆటలూ ఆడాడు." నేను తిరిగి వచ్చేసరికి ఆమె నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టుకుంటోంది. బాబా ఫోటో ఇవ్వబోతే, మీ గోడ మీదే ఉండనివ్వండి అందట. నవ్వుతూనే అంది. తీసుకుపోవడానికి అందులో ఆమెకు ఏమీ మిగల్లేదని నేననుకున్నాను.

మామా మాట తప్పలేదు. మర్నాడు పాస్‌పోర్టు చేతిలో పెట్టి ఎయిర్‌పోర్టులో దించింది. చెన్నై నుంచి బస్సు. నేను చేరేసరికి మా ఆయన వసారాలో మంచం మీద ఉన్నాడు. ప్రాణం ఉంది, మాట కూడా ఉంది. నన్ను గుర్తుపట్టి చెయ్యి చాపాడు. రెండేళ్ళు చూడని మనిషి. పక్కన కూర్చున్నాను. నా చీరలో బుఖూర్ వాసనకు ఆయన దగ్గాడు, నేను పోయి తలకు పోసుకుని వచ్చాను. రెండోరోజు ఆయనే అడిగాడు.

"ఆ ముసిలాయన కతేందో చెప్పు. నువ్వు దానికోసరం ఆగినావంట గదా, ఓబులేసు చెప్పినాడు."

చెప్పాను. మంచు, వాన, పొట్టి గోల్ కాసేవాడు, సమానమైన ఆట, బుధవారం ఆట, మోకాలు, గోలు, ఫైనల్. తీసేసిందీ కలిపి చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నాడు. మధ్యలో నిద్రపోయాడేమో అనుకుంటే వేలు కదిపేవాడు.

"ఆ కుంటాయప్పకు ఏమిచ్చిరి?" అన్నాడు.

"ఏమీ ఇయ్యల్యా. ఫైనల్ ఆడినోళ్ళకే పతకం."

"ఆయప్పదీ గని పనే అంటివే."

"ఊ."

"పోనీ ఆ గోలు కత ఆ మనవరాలు ఇనింది గదా."

"ఇనల్యా. నేను తీసేస్తి. అది ఉంటే నాకు సెలవు రాదు."

కళ్ళు తెరిచాడు. "నాకోసరమా?"

"ఊ."

"వాడు సచ్చి ఎన్నేండ్లాయనో. నేనింకా ఉండా గదా" అన్నాడు.

ఆరు రోజులున్నాడు. ఆరు రోజులూ నీళ్ళు నేనే తాపాను. పదకొండో రోజు అందరూ ఏడుస్తుంటే నేను కుంకుమ లేని మొహంతో గోడకు ఆనుకుని కూర్చున్నాను. నేను ఏడవలేదని చూసి మా అత్త అంది, కువైట్ నన్ను రాయిని చేసిందని. ఆ నెలాఖరుకు తిరిగొచ్చాను. బాబా నోరు మూసుకుపోయి ఉంది. ఖర్జూరాలు పెడితే తిని గింజలు నా చేతిలో ఉమ్మేవాడు. ఒక్కటీ వరసలో పెట్టలేదు. ఆ చలికాలంలోనే పోయాడు. ఆయనకు ఇంకోసారి చెప్పించి ఉంటే, రెండో ఆట సంగతి నేనే అందించి ఉంటే అని అప్పుడు అనుకోలేదు. అప్పుడు దేని గురించీ ఏమీ అనుకోలేదు.

ఇప్పుడు ఈ గదిలో పద్మ వీడియోలో తన పిల్లలతో మాట్లాడుతూ అన్నం తింటుంది. వాళ్ళ ఆయనకు జ్వరమొస్తే థర్మామీటరు ఫోన్‌లో చూపిస్తాడు. శుక్రవారం కార్డు గీకే బాధ లేదు. మంచాన పడినవాళ్ళ కోసం విమానమెక్కి చేరలేకపోయినా మొహమైనా చూస్తారు. కింద చాయ్ కొట్టులో కుర్రాళ్ళు ఫోన్లో ఫుట్‌బాల్ చూస్తుంటారు. గోలు పడితే అటు నుంచొకసారి, ఇటు నుంచొకసారి, నెమ్మదిగా ఒకసారి, పదిసార్లు చూపిస్తారు. ఎవరి గోలూ ఎవరూ తీసెయ్యలేరు. ఆ కాలంలో మాత్రం ఒక ముసలాయన బుర్రలోనూ నా బుర్రలోనూ తప్ప అది ఇంకెక్కడా ఉన్నట్టు నాకు తెలియదు.

మా ఆయన మాట నాకు చాలా ఏళ్ళు సరిపోయింది. చచ్చిన వాడిది తీసి బతికిన వాడికి ఇచ్చాను అనుకున్నాను. ఇప్పుడు ఆయనా పోయి ఇరవై ఏళ్ళు దాటింది. పిల్లలు లేరు, ఆయన సంగతి చెప్పేదాన్ని నేనొక్కదాన్నే. రేపు ఎవరికో ఏదో అవసరం పడి ఆయన సంగతి ఒకటి తీసేస్తే, సచ్చి ఎన్నేండ్లాయనో అంటే నేను ఊరుకుంటానా? ఫోటో తెచ్చిన రోజు నుంచి ఇదే తిరుగుతోంది బుర్రలో.

నిన్న డ్రైవరును అడిగి మామా కూతురి దగ్గర ఆ ఇంగ్లీషు ఆమె నంబరు తెప్పించాను. ఇప్పుడు ఆమెకు డెబ్బై ఐదు దాకా ఉంటాయి. ఉన్నదో లేదో తెలియదు. ఇంగ్లీషులో రాయనా అక్కా అని పద్మ అడిగితే వద్దన్నాను. ఫోన్ నోటి దగ్గర పెట్టించుకుని వాయిస్ మెసేజ్‌లో అరబీలోనే చెప్పాను, ఎవరితోనైనా అర్థం చెప్పించుకుంటుంది. అమ్మా, నేను ఆ రోజు టీ ఇచ్చిన పనిమనిషిని. సెమీఫైనల్ రెండుసార్లు ఆడారు. రెండోసారి బుధవారం. గోలు మీ తాతగారిది, కుంటికాలితో. బాబా మరిచిపోలేదు. నేను మరిపించాను.